పాత తప్పే కావాలి

సాయం చేయడం పెద్ద పనేమీ కాదు. రోడ్డు మీద ఎవరి స్కూటరైనా ఆగిపోతే వెనకనుంచి తోసేవాళ్ళు ఎప్పుడూ నలుగురుంటారు. కానీ ఆ తోయడం వల్లే స్కూటరు కదిలిందని, తోయకపోతే కదిలేది కాదని రుజువు చేయమనండి, ఒక్కరూ ముందుకు రారు. ఈ లోటు తీర్చడానికే విశాఖపట్నంలో మా తూర్పుతీర సాంఖ్యక శాస్త్రజ్ఞుల పరిషత్తు వెలసింది.

సాంఖ్యక శాస్త్రమంటే మరేం లేదు, స్టాటిస్టిక్స్. కొత్త మందు పనిచేస్తుందా లేదా, ఎంతమందిని అడిగితే ఊరందరినీ అడిగినట్టు లెక్క, ఇలాంటివన్నీ తేల్చేది మేమే. నా పేరు గొర్లె మంజూష. మాది టెక్కలి. గోదావరి జిల్లాల్లో కొన్ని రొయ్యల చెరువుల్ని మాత్రం చూసి, మొత్తం చెరువుల్లో తెగులు ఎంతుందో అంచనా కట్టే సూత్రం మీద నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. చేస్తున్నాను అని చెప్పడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఇంట్లోవాళ్ళు అడగడం కూడా మానేశారు.

చిక్కంతా నాలుగో అధ్యాయంలో వచ్చింది. మన అంచనా ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పే కొలతను వేరియన్స్ అంటారు. అది సున్నా కావచ్చు, కొండంత కావచ్చు, మైనస్‌లోకి మాత్రం పోకూడదు. ఇంటినుంచి బజారు మైనస్ రెండు కిలోమీటర్లని ఎవరైనా చెప్తే ఎలా ఉంటుంది? నా సూత్రంలో వేరియన్స్ సరిగ్గా అలాగే వచ్చింది. ఎన్నిసార్లు చేసినా మైనసే. ఎక్కడో పొరపాటు చేశానని తెలుస్తోంది, ఎక్కడో తెలియడం లేదు. మన రాతలో మన తప్పు మనకి కనబడి చావదు కదా.

చూపిద్దామంటే మా గైడు గారు వేరే రాష్ట్రంలో వైస్ ఛాన్సలరై వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే పీఏ ఎత్తి, "సారు మీటింగులో ఉన్నారు" అంటాడు. మరోపక్క నా రిజిస్ట్రేషన్ గడువు ముంచుకొస్తోంది, ఇంక కొద్ది నెలల్లో ఒక శుక్రవారం. ఆ శుక్రవారం దాటితే ఇన్నేళ్ళ చదువు చిత్తుకాగితాల కింద అమ్ముకోవాల్సిందే. నా గుండెల్లో ఒక రాయి ఉండేది. అన్నం తింటున్నా, బస్సెక్కుతున్నా అది అక్కడే ఉండేది.

అప్పుడు పరిషత్తువారు "యువ పరిశోధక ఆలంబన పథకం" ప్రకటించారు. అనుభవజ్ఞులైన ఆచార్యులు మాలాంటివాళ్ళకి గురువులుగా నిలిచి దారి చూపిస్తారట. మా యూనివర్సిటీవాళ్ళకి ఈ కబురు ఎంత నచ్చిందంటే, ఆలంబన ధ్రువపత్రం జతచేయని థీసిస్ ఇకమీదట స్వీకరించబడదని వెంటనే ఒక సర్క్యులర్ వేసేశారు. నేను ఎగిరి గంతేశాను. ధ్రువపత్రం సంగతి సరే, నాలుగో అధ్యాయం చదివే మనిషి ఒకరు దొరుకుతారు, అది చాలు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మాకందరికీ తలా ఒక జనపనార సంచీ ఇచ్చారు. పరిషత్తు అధ్యక్షులు, విశ్రాంత ఆచార్యులు చామర్తి విశ్వపతి గారు మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, "యువ పరిశోధకులకు ఆలంబనగా నిలవడం పరిషత్తు యొక్క పవిత్ర కర్తవ్యము" అన్నారు. చప్పట్లు కొట్టాం. "అయితే" అన్నారు ఆయన. మేం చప్పట్లు ఆపాం.

"అయితే, మనం ఎవరం? రుజువు లేనిదే ఏ మాటనూ నమ్మనివాళ్ళం. సాయం వల్ల మేలు జరుగుతుందని రుజువేదీ? రుజువు కాని ఒక వస్తువును అభం శుభం తెలియని యువతీ యువకుల మీద ప్రయోగించడం ధర్మమా?"

"కాదు, కాదు" అన్నారు ముందు వరసలో కూర్చున్న ఆచార్యులు.

"కనుక సగంమందికి సాయం చేయబడును. సగంమందికి చేయబడదు. ఎవరు ఏ సగమన్నది చీటీలు తీసి నిర్ణయించబడును. చివర్లో ఇరుపక్షాలనూ పోల్చి, సాయమనేది పనికొచ్చే వస్తువో కాదో లోకానికి మనం చాటుతాం."

నేను ఉండబట్టలేక లేచాను. "మరి సాయం అందనివాళ్ళు ఏటి చెయ్యాలండీ?"

"మంచి ప్రశ్న. వాళ్ళు చాలా కీలకం అమ్మా. వాళ్ళు లేకపోతే అందినవాళ్ళు ఎంత బాగుపడ్డారో మనకెలా తెలుస్తుంది? అంచేత వారు ఏ విధమైన మెరుగుదలకూ లోనుకాకుండా, ఉన్నవారు ఉన్నట్టే ఉండి సహకరించవలెను."

అప్పుడు కార్యదర్శి డాక్టర్ కొల్లూరి భానోజీ గారు చెయ్యెత్తారు. ఆయన ఉత్త నిబంధనల మనిషి. ఇడ్లీ తిన్నా ఏ నిబంధన కింద తిన్నారో చెప్పగలరు. "అధ్యక్షా, ఒక మనవి. సాయం అందనివాళ్ళకు తమకు అందడం లేదని తెలిసిపోతుంది. తెలిస్తే బాధపడతారు. బాధపడితే పని పాడవుతుంది. అప్పుడు తేడా సాయం వల్ల వచ్చిందా, ఏడుపు వల్ల వచ్చిందా అన్నది తేలదు."

ఇంత పెద్ద ప్రమాదం పొంచి ఉందని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

"మందుల పరీక్షలో ఏం చేస్తాం?" అన్నారు భానోజీ గారు. "సగంమందికి అసలు మాత్ర, సగంమందికి పంచదార బిళ్ళ. మింగేవాడికి ఏదేదో తెలియదు. అదే విధంగా అందరికీ గురువులను ఇద్దాం. సగంమంది అసలు గురువులు, సగంమంది ఉత్తుత్తి గురువులు."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. అప్పటికప్పుడు ఆయనకో శాలువా కప్పారు.

ఉత్తుత్తి గురువుల్ని ఎక్కణ్ణించి తేవాలన్నది కూడా పెద్ద కష్టం కాలేదు. ఊళ్ళో ఒక పౌరాణిక నాటక సమితి ఉంది. అందులో భీష్ముడు, ద్రోణుడు, విశ్వామిత్రుడు లాంటి పెద్ద తరహా వేషాలు కట్టి, ఈమధ్య ఆటలు లేక ఖాళీగా ఉన్న కళాకారులున్నారు. వాళ్ళని పిలిపించి ఆచార్యులుగా ఎలా మసలుకోవాలో శిక్షణ ఇచ్చారు. శిక్షణ వారం రోజులు అనుకున్నారు గానీ ఒక్క పూటలో అయిపోయింది. గడ్డం నిమురుకోవాలి. కిటికీలోంచి బయటికి చూడాలి. "ఆలోచించదగ్గ విషయమే" అనాలి. కాసేపయ్యాక "ఇంతకుముందు ఎవరేం చేశారో చూశావా?" అనాలి. ఎదుటివాడు చూశానంటే "ఇంకా చూడు" అనాలి. సిలబస్ అంతే.

నాకు కేటాయించిన గురువు పేరు పరాంకుశం గారు. నిండైన విగ్రహం, కంచు గంట లాంటి గొంతు. నేను నమస్కారం పెట్టి నాలుగో అధ్యాయం ముందుపెట్టాను. ఆయన అట్ట మీద చెయ్యి వేసి ఆశీర్వదించారు. తెరవలేదు.

"సార్, నా వేరియన్స్ మైనస్‌లో వస్తోందండీ" అన్నాను.

ఆయన గడ్డం నిమురుకుని కిటికీలోంచి చూశారు. "వేరియన్స్ తక్కువగా ఉంటే మంచిదంటారు కదమ్మా?"

"అంటారండీ."

"నీది మరీ తక్కువైంది. చాలా మంచిది."

"సున్నాకన్నా తక్కువ అవకూడదండీ!"

"ఆలోచించదగ్గ విషయమే" అన్నారాయన, సభ మొత్తానికి వినిపించేంత గంభీరంగా.

నాకు అంతుబట్టలేదు. ఈయన ఉత్తుత్తి గురువనుకుందామంటే, ఇదే మాటని మా యూనివర్సిటీ సెమినార్లలో అసలు ఆచార్యుల నోట ఎన్నోసార్లు విన్నాను. అసలు గురువనుకుందామంటే, వెళ్ళేటప్పుడు నన్ను "విజయోస్తు" అని దీవించారు.

సాయంత్రం చినవాల్తేరు టీ కొట్టు దగ్గర నౌషాద్ కలిశాడు. వాడి ఊరు కావలి. నాకన్నా చిన్నవాడు, అక్కా అంటాడు. వానలు ఎప్పుడు ముఖం చాటేస్తాయో ముందే చెప్పే పద్ధతి మీద పనిచేస్తున్నాడు. చాలా తెలివైనవాడు, అందుకే వాడికీ ఎవరూ దొరకలేదు.

"నీ గురువేమన్నాడ్రా?" అన్నాను.

"ఏందోనక్కా, ఆలోచించదగ్గ విషయమే అన్నాడు."

"నావాడూ అదే అన్నాడు. నీవాడు అసలా, ఉత్తుత్తా?"

"ఎట్టా తెలస్తది? నా ప్రోగ్రాం చూపిస్తే, బాగుంది గానీ ఫాంటు మార్చమన్నాడు."

"అయితే అసలే" అన్నాను నేను.

మాలాంటివాళ్ళు రోజూ అక్కడికి చేరేవాళ్ళు. ఎవరి గురువు ఎవరో తేల్చుకోవడంతోనే మా పరిశోధన శక్తి అంతా ఖర్చయిపోయేది.

ఇంతలో భానోజీ గారికి మరో సందేహం పుట్టింది. శిష్యుడికి తెలియకపోతే చాలదు, గురువుకీ తెలియకూడదు. గురువుకి తను అసలైనవాణ్ణని తెలిస్తే, ఆ తెలివిడి ముఖంలో కనిపించి ఫలితాన్ని చెడగొడుతుంది. దీన్ని డబుల్ బ్లైండ్ అంటారు, వైద్యశాస్త్రంలో చాలా గొప్పది. అంచేత గురువులందరికీ నోటీసు వెళ్ళింది: "తాము అసలు ఆచార్యులో, ఆచార్య పాత్రధారులో తమకు తెలియజేయబడదు. తమ వద్ద గల పూర్వజ్ఞానమును దయచేసి విస్మరించవలసిందిగా కోరడమైనది."

ఆ నోటీసు ప్రభావం గట్టిగానే పడింది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన ఒక ఆచార్యులు ఆఫీసుకొచ్చి బల్ల మీద కొట్టారు. "నేను ప్రొఫెసర్నా కాదా? ఆ ఒక్క ముక్కా చెప్పండి!"

"అది వెల్లడించుట నియమావళికి విరుద్ధము" అన్నారు భానోజీ గారు.

"నా డిగ్రీ సర్టిఫికెట్లు చూపిస్తాను!"

"పాత్రధారులకు కూడా అవి ఉండవచ్చు సార్. కళాసమితివారు చాలా పకడ్బందీగా పనిచేస్తారు."

ఆయన తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. ఇంటికెళ్ళి భార్యని అడిగారట. ఆవిడ కాసేపు ఆలోచించి, "నాకూ ఎప్పట్నించో అనుమానమేనండీ" అందట.

రెండోపక్క కళాకారులు మాత్రం వికసించారు. ద్రోణాచార్య వేషాల మనిషి ఒకాయన ఏలూరులో జాతీయ సదస్సుకి వెళ్ళి కీలకోపన్యాసం ఇచ్చి, చివర్లో ఒక పద్యం అందుకుంటే వన్స్‌మోర్ కొట్టారు. మా పరాంకుశం గారిని రెండు విశ్వవిద్యాలయాలు పరీక్షాధికారిగా వేసుకున్నాయి. ఆయన పరిషత్తులో ఉపసంఘాలకు కూడా వెళ్తున్నారు. ఆయన్ని ఆపాలంటే ముందు ఆయన ఆచార్యులు కాదని చెప్పాలి, అది చెప్పకూడదు.

తరవాత తెరలొచ్చాయి. గురువు ముఖం చూస్తే శిష్యుడికీ, శిష్యుడి ముఖం చూస్తే గురువుకీ ఏదో ఒకటి తెలిసిపోతోందని, ఇద్దరి మధ్యా తెర కట్టించారు. కళాసమితి దగ్గర తెరలు సిద్ధంగానే ఉన్నాయి. నాకు దక్కింది రాజదర్బారు తెర. ఆ స్తంభాలకీ సింహాసనానికీ నేను నా అధ్యాయం విన్నవించుకున్నాను. అవతలినుంచి చాలాసేపు జవాబు రాలేదు. తెర తొలగించి చూస్తే పరాంకుశం గారు లేరు, వేరే సదస్సుకి వెళ్ళారట.

ఆవేళ నాకు నిజంగా దుఃఖం వచ్చింది. సంచీ భుజాన వేసుకుని టీ కొట్టుకి నడిచాను. శుక్రవారానికి ఇంక ఎంతో లేదు. నౌషాద్ నా ముఖం చూసి టీ చెప్పి, "ఏడ్చినట్టుండావే, ఇటియ్యి చూస్తాం" అని నా చేతిలోంచి అధ్యాయం లాక్కున్నాడు.

"వద్దురా. ప్రయోగం పాడైపోద్ది అంటారు."

"నువ్వు పాడైపోతా ఉంటే ప్రయోగం బాగుండి ఎవరికి లాభం?"

బెంచీ మీద కూర్చుని చదివాడు. వాడి టీ చల్లారిపోయింది, మళ్ళీ చెప్పాను, అదీ చల్లారింది. ఒకచోట ఆగాడు. వెనక పేజీ తిప్పాడు. మళ్ళీ ముందుకొచ్చాడు.

"అక్కా, ఈ ముక్కని ఇందాక పై పేజీలో తీసేసినావు గదా?"

"తీసేశాను."

"మళ్ళా ఈడ తీసేసినావే?"

నేను చూశాను. నిజమే. ఒకే ముక్కని రెండు చోట్ల తీసేశాను. అన్ని నెలలూ ఆ రెండు పేజీల మధ్య నేను తిరుగుతూనే ఉన్నాను. అక్కడికక్కడే పెన్నుతో సరిచేసి లెక్క మళ్ళీ వేస్తే వేరియన్స్ ప్లస్‌లో వచ్చింది. చిన్నది, చక్కనిది, అచ్చంగా నాది. నేను టీ కొట్టు ముందు నిలబడి భోరుమన్నాను. నౌషాద్ కంగారుపడి, "మళ్ళా ఏందక్కా?" అన్నాడు. గుండెల్లో రాయి కరిగిపోతుంటే ఏడవక నవ్వుతారా ఎవరైనా?

ఆ సాయంత్రం నుంచీ టీ కొట్టు దగ్గర ఇదే పని. నేను నౌషాద్ వానల మొదటి అధ్యాయం చదివాను, మిగతావి ఇంకొకళ్ళు చదివారు. గోళీకాయల్లా తప్పులు ఏరుకుని, ఎవరి తప్పు పెద్దదో చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

సంతోషం దాచుకోవడం మాకు చేతకాలేదు. ఎవరో ఎక్కడో వాగారు. మర్నాడే నాకు పరిషత్తునుంచి కబురొచ్చింది. లోపల క్రమశిక్షణ ఉపసంఘంగా ఏడుగురు ఆచార్యులు బల్లకి అవతల కూర్చుని ఉన్నారు. ఏడుగురిలో ఒకరు పరాంకుశం గారు.

భానోజీ గారు అభియోగం చదివారు. "సదరు పరిశోధకురాలు, ఆలంబన ప్రయోగము జరుగుచుండగా, బహిరంగ ప్రదేశమున, అనధికార సాయమును స్వీకరించినట్లు తెలియవచ్చినది. ఇది నిజమేనా?"

"నిజమేనండీ. నౌషాద్ చదివాడు."

"ఎంత చదివాడు?"

"మొత్తం."

బల్ల చుట్టూ నిట్టూర్పులు వినిపించాయి. విశ్వపతి గారు కళ్ళజోడు తీసి నన్ను జాలిగా చూశారు. "మందుల పరీక్షలో ఒక రోగి ఇంకొక రోగికి వైద్యం చేసేస్తే ఏమవుతుందమ్మా?"

"రోగం తగ్గుతుందండీ."

"పరీక్ష చెడిపోతుంది!" అన్నారు భానోజీ గారు. "నీవు కలుషితం అయిపోయావు. కలుషితమైనవారికి ధ్రువపత్రం ఇచ్చే నిబంధన లేదు."

"శుక్రవారం గడువండీ. పత్రం లేకపోతే థీసిస్ తీసుకోరు. ఇన్నేళ్ళూ..." అని సంచీని గట్టిగా పట్టుకున్నాను.

"పరిషత్తు కరుణ లేనిది కాదు" అన్నారు విశ్వపతి గారు. "ఒక మార్గం ఉంది. పరీక్షల్లో ఒక మందు ప్రభావం ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా ఆగుతాం. అలాగే నీ థీసిస్‌లోంచి ఆ సాయం తాలూకు ప్రభావాన్ని తొలగించి, సాయానికి ముందున్న స్థితిలో మాకు సమర్పించు. వెంటనే పత్రం ఇస్తాం."

"అంటే?"

"వేరియన్స్‌ను తిరిగి మైనస్ చేయాలి" అన్నారు భానోజీ గారు. "ఏదో ఒక తప్పు పెట్టి తెస్తే కుదరదు. మాకు పాత తప్పే కావాలి."

సరైన థీసిస్‌కి పత్రం రాదు, పత్రం వచ్చే థీసిస్ సరైనది కాదు. ఒక్క క్షణం, నిజం చెప్పొద్దూ, ఒప్పేసుకుందామనిపించింది. ఒక ముక్కని మళ్ళీ తీసేయడానికి ఎంతసేపు? డాక్టర్ మంజూష అయిపోయి హాయిగా టెక్కలి వెళ్ళిపోవచ్చు. కానీ ఆ చెరువులవాళ్ళెవరైనా రేపు నా సూత్రం పట్టుకుని లెక్క వేస్తే? తెగులు లేదనుకుని ఊరుకుంటే? ఒళ్ళు మండిపోయింది.

"నా చేత్తో నేను పెట్టనండీ" అన్నాను. సంచీలోంచి అధ్యాయం తీసి బల్ల మీద పడేశాను. "తప్పు మీకు గదా కావాలి. మీరే ఎతుక్కుని పెట్టుకోండి."

ఏడుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భానోజీ గారు నియమావళి తిరగేసి, పునరుద్ధరణను ఉపసంఘమే చేపట్టవచ్చని తేల్చారు. అయితే పాత తప్పు ఎక్కడుండేదో తెలియాలంటే ముందు అధ్యాయం చదవాలి. ఇది ఎవరికీ ఇష్టంలేని పని. కానీ క్రమశిక్షణ చర్య కనుక తప్పలేదు. విశ్వపతి గారు మొదటి పేజీ తిప్పారు, ఉరిశిక్ష అమలు చేసేవాడి ముఖం పెట్టుకుని.

మొదట కిక్కురుమనకుండా చదివారు. తరవాత ఒకాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. తను ప్రొఫెసరో కాదో తెలియక తిరుగుతున్న ఆచార్యులు జేబులోంచి పెన్సిలు తీశారు.

"ఇక్కడే అయ్యుండాలి" అన్నారు విశ్వపతి గారు. "ఈ ముక్కని రెండోసారి తీసేసి ఉంటుంది. అయినా ఇక్కడెవరైనా తీసేస్తారటమ్మా?"

"రాత్రీ పగలూ అదే చూస్తే ఎవరైనా తీసేస్తారండీ" అన్నాను.

"అది సరేగానీ, ఇదేమిటి? చెరువులన్నీ ఒకే సైజులో ఉన్నాయని అనుకుందాం అని రాశావు. ఎందుకనుకోవాలి?"

"అనుకోకపోతే రుజువు నడవదేమోనని..."

"ఎందుకు నడవదు?" ఆయన లేచారు. బోర్డు దగ్గరికెళ్ళారు. చాక్‌పీసు చేతికి తగలగానే మనిషే మారిపోయారు. "ఇదిగో, ఇలా పట్టుకో. పెద్ద చెరువుకి పెద్ద బరువు ఇయ్యి. నడిచిందా?"

"నడవదు!" అని పెన్సిలు ఆచార్యులు లేచారు. "మూడో మెట్టులో జారతారు మీరు!"

"జారను!"

"జారతారు! ఆ చాక్‌పీసు ఇటివ్వండి!"

ఇక చూడండి. ఒకాయన బోర్డు మీద రాస్తుంటే ఇంకొకాయన చొక్కా చేత్తోనే తుడిచేస్తున్నారు. ఒకాయన కుర్చీ ఎక్కి పైమూల ఖాళీలో రాస్తున్నారు. నేను మధ్యలో దూరి, "సార్, ఆ చెరువులకి కాలవ ఒకటేనండీ, ఒకదాని తెగులు పక్కదానికి పోద్ది" అన్నాను. "ముందే చెప్పవేం!" అని ఇద్దరూ ఒకేసారి నా మీద విరుచుకుపడి, దాన్ని కూడా సూత్రంలో ఇరికించారు. పరాంకుశం గారు గడ్డం నిమురుకుని "ఆలోచించదగ్గ విషయమే" అన్నారు. అందరూ ఆగి మరోసారి ఆలోచిస్తే మూడో మెట్టులో నిజంగానే జారారని తేలింది. సరిచేసుకుని మళ్ళీ ఎక్కారు. మధ్యాహ్నం భోజనాలు వచ్చి అక్కడే చల్లారిపోయాయి.

చివరి గీత గీసి విశ్వపతి గారు వెనక్కి జరిగారు. పంచె నిండా సుద్ద. బోర్డు మీద నా సూత్రమే ఉంది. కానీ అది ఇప్పుడు ఏ సైజు చెరువుకైనా, ఎన్ని కాలవలున్నా నిలబడే సూత్రం. నాకు ఒళ్ళు పులకరించింది. పెన్సిలు ఆచార్యులు బోర్డు వైపు చూస్తూ, "నేను ప్రొఫెసర్నే" అన్నారు మెల్లగా. ఎవరూ కాదనలేదు. విశ్వపతి గారు తుండుతో ముఖం తుడుచుకుని, "ఎంత కాలమైందయ్యా ఇలా కూర్చుని" అన్నారు. ఆ మాట ఆయన మాతో అనలేదు, తనలో తనే అనుకున్నారు.

భానోజీ గారొక్కరే కదలకుండా కూర్చున్నారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"అధ్యక్షా" అన్నారు. "మనం ఈ అమ్మాయికి సాయం చేశాం."

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు.

"చీటీ తీయకుండా" అన్నారు ఆయన. "తెర లేకుండా. ముఖాలు చూసుకుంటూ. ఏడుగురం కలిసి."

విశ్వపతి గారు బోర్డు వంకా, నా వంకా, చేతిలోని చాక్‌పీసు వంకా చూశారు. "నియమావళి ఏమంటోంది?"

భానోజీ గారు తిరగేశారు. "పరిషత్తు సభ్యుల ద్వారా సంపూర్ణ ఆలంబన పొందినవారికి ధ్రువపత్రం ఇవ్వబడును. అంతే ఉంది సార్. పొరపాటున ఇస్తే ఏం చేయాలో లేదు."

"అయితే ఇవ్వవలసిందే" అన్నారు విశ్వపతి గారు, బాధపడుతున్నట్టు కనబడడానికి నానా తంటాలు పడుతూ. సంతకం పెట్టారు. పత్రం మీద కూడా సుద్ద వేలిముద్రలు పడ్డాయి. నేను దాన్ని గుండెలకి హత్తుకుని యూనివర్సిటీకి పరిగెత్తాను. గడువులోపలే థీసిస్ ఇచ్చేశాను.

ఇచ్చేసి నేరుగా టీ కొట్టుకెళ్ళి జరిగిందంతా చెప్పాను. పూర్తిగా వినకుండానే సగంమంది లేచి వెళ్ళిపోయారు. నేను పరిషత్తుకి తిరిగెళ్ళేసరికి వరండా కిటకిటలాడుతోంది. విశాఖలో ఉన్న యువ పరిశోధకులంతా చంకలో థీసిస్‌లు పెట్టుకుని, నేరం ఒప్పుకుంటామని వరసలో నిలబడ్డారు. మేమూ కలుషితమయ్యామని ఒకరు, నేను ఎప్పుడో అయ్యానని మరొకరు, ముందు నన్ను శిక్షించండని ఇంకొకరు. భానోజీ గారు గుమ్మం దగ్గర నిలబడి, నేరస్థులు తోసుకోకూడదని బతిమాలుతున్నారు.

నౌషాద్ అందరికన్నా ముందు లోపలికెళ్ళాడు. మిగతా ఆరుగురు ఆచార్యులూ అప్పటికే కుర్చీల్లో సర్దుకుని ఉన్నారు. బోర్డు శుభ్రంగా తుడిచి ఉంది.

"సార్, నేను కూడా చెడిపోయినా" అన్నాడు నౌషాద్, తల దించుకుని.

"ఎన్ని అధ్యాయాలు?"

"మొత్తం సార్."

"ఘోరం" అన్నారు విశ్వపతి గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "కూర్చో. మొదటి పేజీ తియ్యి."